మురుగునీటి నాచు వరికి ఎరువుగా పనికొస్తుందా? నెల్లూరు, ప్రకాశం జిల్లాల రైతుల చర్చ

కోవూరు రైతు:

సభ్యులందరికీ నమస్కారం. మాకు దగ్గరలో ఉన్న ఒక పట్టణంలో ఇళ్ల నుంచి వచ్చే మురుగునీటిని వరుసగా తవ్విన కుంటల్లో నిలవబెట్టి శుద్ధి చేస్తున్నారు. చివరి కుంటల్లో నీరు ఏడాది పొడవునా చిక్కటి ఆకుపచ్చ రంగులో ఉంటుంది. ఈ వేసవిలో ఒక కుంటను ఎండగట్టి, అడుగున మిగిలిన పదార్థాన్ని పెళ్లలుగా తవ్వి గట్టు మీద పోశారు. అది నాచు ఎరువని, కావలసిన వారు ఉచితంగా తీసుకుపోవచ్చని అక్కడి పనివారు చెబుతున్నారు. నాకున్నది పెన్నా కాలువ కింద వరి భూమి. ఎడగారు పైరు కోత అయిపోయింది, రబీ నారుమడికి ఇంకా సమయం ఉంది.

నా సందేహానికి కారణం ఉంది. మన కయ్యల్లో నాట్లు వేసిన కొత్తలో నాచు తెట్టెలా పట్టి, లేత నారును పైకి లేపేస్తుంది. దాన్ని చంపడానికి మైలుతుత్తాన్ని గుడ్డలో మూటకట్టి, నీరు పారే మడవ దగ్గర ఉంచడం మన పెద్దల నుంచి వస్తున్న అలవాటు. ఇన్నాళ్లూ చంపుతూ వచ్చిన దాన్ని ఇప్పుడు డబ్బు పెట్టి ట్రాక్టరులో తెచ్చుకోవాలా? అందులో నత్రజని నిజంగా ఉంటుందా, ఉంటే అది ఎక్కడి నుంచి వచ్చింది, మురుగులోని రోగక్రిముల సంగతి ఏమిటి అన్నవి తెలిసినవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

నీటి శుద్ధి ఇంజనీరు:

కోవూరు రైతు గారూ, నత్రజని తప్పకుండా ఉంటుంది. అది ఎక్కడి నుంచి వచ్చిందన్నది తెలిస్తే మిగతా సందేహాలు చాలావరకు వాటంతట అవే తీరుతాయి.

ఇళ్ల మురుగునీటిలో లీటరుకు సుమారు 40 మిల్లీగ్రాముల నత్రజని, ఆరేడు మిల్లీగ్రాముల భాస్వరం ఉంటాయి. మనం తిన్న అన్నం, పప్పు, కూరల ద్వారా పొలం నుంచి ఇంటికి చేరిన నత్రజనే ఇది. కుంటలో బాక్టీరియా మురుగును కుళ్లబెట్టి బొగ్గుపులుసు వాయువును, అమ్మోనియాను విడుదల చేస్తే, నాచు సూర్యరశ్మి సాయంతో వాటిని తీసుకుని పెరుగుతూ ఆమ్లజనిని నీటిలోకి వదులుతుంది. ఆ ఆమ్లజనితోనే బాక్టీరియా తన పని కొనసాగిస్తుంది. కరెంటుతో గాలి ఊదే యంత్రాలు చేసే పనిని ఇక్కడ నాచు చేస్తోంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ ప్రాంగణంలో విలియం ఆస్వాల్డ్ 1950లలో ఈ పరస్పర సహకారాన్ని లోతుగా పరిశోధించి, సుమారు ఒక అడుగు లోతు మాత్రమే ఉండి, నీటిని నెమ్మదిగా కలియతిప్పే చక్రాలున్న కుంటలను రూపొందించారు.

ఇలా పెరిగిన నాచు ఎండు బరువులో సాధారణంగా 6 నుంచి 10 శాతం నత్రజని, దాదాపు 1 శాతం భాస్వరం ఉంటాయి. మంచి పశువుల ఎరువులో కూడా నత్రజని ఇందులో మూడో వంతుకు చేరదు. అయితే మధ్యాహ్నపు ఎండలో నాచు చురుకుగా ఉన్నప్పుడు నీటి ఉదజని సూచిక (పీహెచ్) 9 దాటుతుంది. అప్పుడు కొంత అమ్మోనియా గాలిలో కలిసిపోతుంది కాబట్టి మురుగులోని నత్రజని అంతా నాచులోకి చేరుతుందని అనుకోకూడదు.

నేల పరీక్ష:

ఇంజనీరు గారు చెప్పినది నీటిలో తేలే నాచుకు వర్తిస్తుంది. కోవూరు రైతు గారు చూసినది కుంట అడుగు నుంచి తవ్విన పెళ్లలు. ఈ రెండూ ఒకటి కావు. కుంట అడుగున ఏళ్ల తరబడి పేరుకునేది ప్రధానంగా మురుగు మడ్డి, ఇసుక, చచ్చి కుళ్లిన నాచు. నీటిలోని నులిపురుగుల గుడ్లు బరువుగా ఉండి అడుక్కు దిగుతాయి కాబట్టి, కుంటలో రోగకారకాలు అత్యధికంగా పోగుపడే చోటు అదే. దయచేసి ఒక పెళ్లను విరిచి లోపల ఎలా ఉందో చూసి చెప్పండి.

ఇంకొక విషయం కూడా విడదీసి చూడాలి. వరి పొలాల్లో గాలిలోని నత్రజనిని పట్టి నిలిపే నీలి ఆకుపచ్చ నాచు వేరే జాతి. వరి మడుల సారం నిలబడడంలో దాని పాత్రను పి.కె. డే 1939లోనే నిరూపించారు. ఆ తరువాత భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో జి.ఎస్. వెంకటరామన్ దాన్ని రైతులే పెంచుకోగల జీవన ఎరువుగా తీర్చిదిద్దారు. నాట్లు వేసిన వారానికి ఎకరాకు 4 కిలోల ఎండు పొరలు చల్లితే, హెక్టారుకు 20 నుంచి 30 కిలోల వరకు నత్రజని సమకూరుతుందని చెబుతారు. మురుగు కుంటలో పెరిగే క్లోరెల్లా, సెనడెస్మస్ వంటి పచ్చ నాచులకు ఆ శక్తి లేదు. అవి నీటిలో అప్పటికే ఉన్న నత్రజనిని పోగుచేస్తాయి, అంతే. కాబట్టి జీవన ఎరువులా ఎకరాకు నాలుగు కిలోలు చల్లి ఫలితం రాలేదనుకుంటే ఆ తప్పు నాచుది కాదు. దీన్ని సేంద్రియ ఎరువుగా లెక్కగట్టి, ఆ మోతాదులోనే వేయాలి.

కోవూరు రైతు:

మీరు చెప్పినట్లే విరిచి చూశాను. పైన గోరు మందాన మాత్రమే ముదురు ఆకుపచ్చ పొర ఉంది. అది ఎండి అంచులు పైకి ముడుచుకుని, చేత్తో తాకితే రేకులుగా ఊడి వస్తోంది. దాని కింద జానెడు మందాన నల్లటి బంక పదార్థం ఉంది. విరిచినప్పుడు లోపల ఇంకా తేమ, మురుగు వాసన ఉన్నాయి. అక్కడక్కడ ప్లాస్టిక్ ముక్కలు, వెంట్రుకలు కూడా కనిపించాయి.

నేల పరీక్ష:

అయితే అది నాచు ఎరువు కాదు, మురుగు మడ్డి. పై రేకులను విడిగా సేకరించగలిగితే వాటి గురించి మాట్లాడుకోవచ్చు. కింది నల్లటి పదార్థాన్ని ప్రస్తుతానికి పొలానికి తేవద్దు. నాట్లు వేసే ఆడవాళ్లు ఒట్టి కాళ్లతో, ఒట్టి చేతులతో రోజంతా ఆ బురదలో నిలబడతారు. కొంకిపురుగు చర్మం ద్వారానే లోపలికి ప్రవేశిస్తుంది. గింజకు హాని లేదు కదా అని మనం తృప్తిపడితే సరిపోదు, ఆ కయ్యలో దిగే మనిషికి హాని ఉండకూడదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన మార్గదర్శకాల్లో మలసంబంధమైన వ్యర్థాలను 20 నుంచి 35 డిగ్రీల వాతావరణంలో ఏడాదికి పైగా, కొత్త సరుకు కలపకుండా నిలవ ఉంచాలని ఉంది. కంపోస్టు చేసేటట్లయితే కుప్ప మొత్తం కనీసం వారం రోజులు 50 డిగ్రీలకు పైన వేడెక్కాలి. కుప్ప అంచులు ఎప్పుడూ చల్లగానే ఉంటాయి కాబట్టి తిరగవేయకుండా ఈ షరతు నెరవేరదు.

టంగుటూరు మెట్ట రైతు:

చర్చ బాగుంది కానీ నాకు ఆర్థికంగా లెక్క కుదరడం లేదు. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలకు దొరుకుతోంది. ఆ బస్తాలోని నత్రజనికి సమానంగా ఎంత నాచు కావాలి, దాన్ని ఎవరు తీయాలి, ఎవరు ఎండబెట్టాలి, ట్రాక్టరు బాడుగ ఎవరు భరించాలి? ఇంజనీరు గారు అంకెలతో చెబితే బాగుంటుంది.

నీటి శుద్ధి ఇంజనీరు:

అడగవలసిన ప్రశ్నే అడిగారు. రోజుకు పది లక్షల లీటర్ల మురుగునీరు, అంటే మనిషికి వంద లీటర్ల చొప్పున పదివేల జనాభా ఉన్న ఊరు అనుకుందాం. లీటరుకు 40 మిల్లీగ్రాముల లెక్కన రోజుకు 40 కిలోల నత్రజని వస్తుంది. అందులో సగం నాచులోకి చేరితే 20 కిలోలు. నాచులో 7 శాతం నత్రజని ఉంటే అది సుమారు 285 కిలోల ఎండు నాచు. యూరియాలో చెప్పాలంటే రోజుకు దాదాపు ఒక బస్తా. చదరపు మీటరుకు రోజుకు 15 గ్రాముల నాచు పెరుగుతుందనుకుంటే, ఇందుకు దాదాపు అయిదు ఎకరాల కుంట కావాలి. మన జిల్లాల్లో ఎండకు కొదవ లేదు కాబట్టి ఆ దిగుబడి అసాధ్యం కాదు.

అసలు కష్టం నాచును నీటి నుంచి వేరుచేయడంలో ఉంది. వెయ్యి లీటర్ల నీటిలో ఉండేది 300 గ్రాముల లోపే. కంటికి కనిపించనంత చిన్న కణాలు కాబట్టి గుడ్డతో వడకట్టినా నిలవవు. పటిక వంటివి కలిపి అడుక్కు దించవచ్చు కానీ ఆ అల్యూమినియం ఎరువులోకి వచ్చి భాస్వరాన్ని పట్టేస్తుంది. నీటిని సరిగా కలియతిప్పే కుంటల్లో నాచు, బాక్టీరియా కలిసి గుంపులు కట్టి వాటంతట అవే దిగుతాయి. పల్లెటూళ్లకు అదే నయం.

ఇంకొక దారిని స్మిత్‌సోనియన్ సంస్థకు చెందిన వాల్టర్ ఏడీ చూపించారు. వాలుగా పరిచిన వల మీద మురుగునీటిని పలచగా పారించి, పోగుల్లా పెరిగే నాచును దాని మీద పెంచి, కొన్ని రోజులకొకసారి గీకి తీస్తారు. నాట్లు వేసిన కయ్యలో మనల్ని బాధించే నాచుకు దగ్గరి చుట్టాలే ఈ పోగు నాచులు. అక్కడ ఏ గుణం వల్ల అవి నారును పైకి లేపుతున్నాయో, ఇక్కడ ఆ గుణం వల్లనే పారతో గీకడానికి వీలవుతోంది.

ఇక ధర సంగతి. మీ లెక్క ఎరువు కొనే రైతు వైపు నుంచి సరైనదే. కానీ శుద్ధి కేంద్రం వైపు నుంచి కూడా చూడాలి. నాచును తీయకుండా ఆ పచ్చ నీటినే కాలువలోకి వదిలితే, అది ముందుకు పోయి ఏ చెరువులోనో చచ్చి కుళ్లి, మళ్లీ అమ్మోనియాగా మారి, నీటిలోని ఆమ్లజనిని తినేస్తుంది. అప్పుడు శుద్ధి జరిగినట్టే కాదు. అంటే రైతు తీసుకున్నా తీసుకోకపోయినా నాచును తీయవలసిన బాధ్యత పురపాలక సంఘానిదో, పంచాయతీదో. తీసే ఖర్చు శుద్ధి ఖాతాలోకి పోవాలి. రైతు భరించవలసినది రవాణా మాత్రమే. ఈ విభజన జరగకుండా రైతుకు నాచు అమ్మజూపే ఏ పథకమూ నిలబడదని నా గట్టి అభిప్రాయం.

టంగుటూరు మెట్ట రైతు:

ఈ సమాధానం నాకు సబబుగా ఉంది. అయితే మా వైపు పొగాకు వేసేవారికి ఒక హెచ్చరిక చేయాలి. పొగాకు ఆకులో క్లోరైడు పెరిగితే ఆకు సరిగా కాలదు, వేలంలో ధర పడిపోతుంది. అందుకే పొటాష్ కోసం మ్యూరేట్ (క్లోరైడు రూపం) వద్దని, సల్ఫేట్ రూపమే వాడమని చెబుతారు. ఇళ్ల మురుగులో వంట ఉప్పు ఎలాగూ ఉంటుంది. పైగా వర్జీనియా పొగాకుకు నత్రజని మొదట్లో అంది, ఆకు పండే నాటికి నేలలో అయిపోవాలి. నెమ్మదిగా విడుదలయ్యే సేంద్రియ నత్రజని చివరి దాకా అందుతూ ఉంటే ఆకు పసుపు రంగుకు తిరగదు, బ్యారన్‌లో, అంటే ఆకును వేడితో ఆరబెట్టే గదిలో, సరిగా క్యూరింగ్ కాదు. వరికి మేలు చేసే గుణమే పొగాకుకు కీడు చేస్తుంది. కాబట్టి ఎవరు అడిగినా పొగాకుకు వద్దని నిస్సంకోచంగా చెప్పండి.

ముత్తుకూరు ఆక్వా:

రొయ్యల గుంటల నీటిలో కూడా నాచు విపరీతంగా పెరుగుతుంది. వనామి రకం రొయ్యల మేతలో 35 శాతం దాకా మాంసకృత్తులు ఉంటాయి, అందులోని నత్రజనిలో ఎక్కువ భాగం రొయ్యలోకి పోకుండా నీటిలోనే మిగిలిపోతుంది. పంట పట్టిన తరువాత గుంట ఖాళీ చేసేటప్పుడు ఆ పచ్చ నీటిని వదిలేయకుండా, నాచును దించి పక్కనున్న వరి రైతులకు ఇస్తే ఇద్దరికీ మేలు కదా? మా వల్ల పొలాలు చవుడు బారుతున్నాయన్న మాట కూడా కొంత తగ్గుతుంది.

నేల పరీక్ష:

ముత్తుకూరు అన్నగారూ, మీ ఉద్దేశం మంచిదే కానీ ఉప్పు లెక్క చూడండి. అడుక్కు దిగిన నాచు గుజ్జులో సుమారు 2 శాతమే ఘనపదార్థం ఉంటుంది. అంటే ఒక కిలో ఎండు నాచు 50 లీటర్ల నీటితో కలిసి ఉంటుంది. గుంట నీటిలో లీటరుకు 10 గ్రాముల ఉప్పు ఉంటే, ఎండిన తరువాత ఆ కిలో నాచుతో పాటు అర కిలో ఉప్పు మిగులుతుంది. ఎండలో నీరు పోతుంది కానీ ఉప్పు పోదు. నీటితో పూర్తిగా తడిపిన మట్టి నుంచి తీసిన సారంలో లవణీయత మీటరుకు 3 డెసిసీమెన్స్ (నీటిలోని ఉప్పును విద్యుత్ వాహకత ద్వారా తెలిపే కొలత) దాటినప్పటి నుంచి వరి దిగుబడి తగ్గడం మొదలై, ఆ పైన ప్రతి ఒక్క డెసిసీమెన్‌కు సుమారు 12 శాతం చొప్పున పడిపోతుంది. తోటపల్లిగూడూరు, ఇందుకూరుపేట వైపు తీరం దగ్గరి పొలాలు ఇప్పటికే ఆ అంచున ఉన్నాయి.

ముత్తుకూరు ఆక్వా:

మా గుంటల్లో కొన్ని బోరు నీటితో నడిచేవి, లీటరుకు రెండు మూడు గ్రాములకు మించి ఉప్పు ఉండదు. వాటికైనా వీలుపడదా?

నేల పరీక్ష:

రెండు గ్రాములైనా కిలో నాచుకు వంద గ్రాముల ఉప్పు వస్తుంది. గుజ్జును మంచినీటితో కలిపి, మళ్లీ దించి, పై నీటిని తీసేస్తే చాలావరకు తగ్గుతుంది. కానీ ఆ కడిగిన నీటిని ఎక్కడికి వదలాలన్న ప్రశ్న మిగులుతుంది. కొబ్బరి ఉప్పును కొంత తట్టుకుంటుంది కాబట్టి, మీ గట్ల మీద కొబ్బరి చెట్లు ఉంటే వాటి పాదుల్లో కొద్దికొద్దిగా వేసి చూడండి. వరి రైతుకు మాత్రం ఇవ్వవద్దు. గుంటలో మందులేవైనా వాడి ఉంటే కొబ్బరికి కూడా వద్దు.

ఒంగోలు పెరటి తోట:

నాకు పొలం లేదు, మేడ మీద కుండీల్లో తోటకూర, పాలకూర, టమాటా పెంచుతాను. మా అపార్టుమెంటులో మురుగు శుద్ధి తొట్టి ఉంది, చివరి తొట్టి గోడలకు పచ్చటి నాచు పడుతుంది. నెలకొకసారి గీకి పారేస్తున్నారు. దాన్ని కుండీల్లో వేయవచ్చా అండీ?

నీటి శుద్ధి ఇంజనీరు:

అమ్మా, ఆకుకూరలకు వద్దు. ఆకు మట్టికి ఆనుకుని పెరుగుతుంది, కొత్తిమీర వంటివి మనం పచ్చిగానే తింటాం. మల్లె, గులాబీ, నందివర్ధనం వంటి పూల మొక్కల కుండీల్లో ఆ నాచును ఎండబెట్టి, మట్టిలో కలిపి, పైన మరో పొర మట్టి కప్పి వాడుకోవచ్చు. చేతులకు తొడుగులు వేసుకోండి. ఆ తొట్టిలో బ్లీచింగ్ పౌడరు వేసిన వెంటనే గీకిన నాచును మాత్రం వాడవద్దు.

వేసవిలో నిలవ నీటి మీద పచ్చ రంగు కలిపినట్టుగా తేలే తెట్టె వేరు. అది తరచుగా మైక్రోసిస్టిస్ అనే నీలి ఆకుపచ్చ నాచు. కాలేయానికి హాని చేసే విషాన్ని తయారుచేస్తుంది. ఎండబెట్టినా, మరిగించినా ఆ విషం సులభంగా పోదు. అలాంటి నీటిని పశువులకు కూడా తాగించకూడదు, ఆ తెట్టెను ఎరువుగా వాడనే కూడదు.

దర్శి నుంచి ఒక సభ్యుడు:

భార లోహాల విషయం ఇంకా ఎవరూ ప్రస్తావించలేదు. నాచు కణపు గోడ లోహాలను పట్టి ఉంచుతుంది. కొన్నిచోట్ల పరిశ్రమల నీటి నుంచి లోహాలను తీయడానికే నాచును వాడతారు. పట్టణపు మురుగులో ఇళ్ల నీటితో పాటు మెకానిక్ షెడ్లు, బ్యాటరీలు బాగుచేసే చోట్లు, రంగుల అద్దకాల నీరు కలిస్తే సీసం, క్రోమియం వంటివి నాచులోకి చేరతాయి. దీనికి హద్దు ఏమిటో ఎలా తెలుసుకోవాలి?

నేల పరీక్ష:

మంచి సమయంలో గుర్తుచేశారు. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో పట్టణ కంపోస్టుకు విధించిన హద్దులను దీనికీ కొలమానంగా తీసుకోవచ్చు. ఎండు బరువులో కిలోకు కాడ్మియం 5, సీసం 100, క్రోమియం 50, నికెల్ 50, ఆర్సెనిక్ 10, రాగి 300, జింకు 1000 మిల్లీగ్రాములు దాటకూడదు. పాదరసం 0.15 మిల్లీగ్రాములే. ఒక్క లోహం దాటినా ఆ సరుకు పొలానికి పనికిరాదు, ఎందుకంటే నత్రజని పైరుతో పోతుంది కానీ కాడ్మియం ఆ మట్టిలోనే తరతరాలు ఉంటుంది. వరి కాడ్మియాన్ని గింజలోకి కూడా లాగుతుంది. కేవలం ఇళ్ల నీరు వచ్చే కాలనీ కుంటల నాచుకే నేను మొగ్గు చూపడానికి కారణం ఇదే.

కోవూరు రైతు:

ఇంత ఓపికగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. నల్లటి మడ్డిని తేవడం లేదు. ఆ పట్టణంలోనే ఇళ్ల నీరు మాత్రమే వచ్చే మరో చిన్న కుంట ఉంది. అక్కడ నీటిలో తేలే నాచును దించి, ఇసుక మడుల మీద ఆరబెట్టి ఇస్తామని అక్కడి బాధ్యులు ఒప్పుకున్నారు. దాన్ని ఏడాది పాటు కప్పు కింద నిలవ ఉంచి, వచ్చే ఏడాది రబీకి ఒక కయ్యలో వేసి చూడాలని ఉంది. ఎకరాకు ఎంత వేయాలి, యూరియా ఎంత తగ్గించాలి?

నీటి శుద్ధి ఇంజనీరు:

అమెరికాలోని బెల్ట్స్‌విల్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో వాల్టర్ మల్‌బ్రీ బృందం పాడి పశువుల పేడ నీటి మీద పెంచిన నాచును ఎండబెట్టి, దోస, మొక్కజొన్న నారుపై పరీక్షించి 2005లో ఫలితాలు ప్రచురించింది. నాచులోని నత్రజనిలో మొదటి రోజు మొక్కకు అందే రూపంలో ఉన్నది 3 శాతమే అయినా, 25 డిగ్రీల వేడిలో 21 రోజులకు 33 శాతం అందుబాటులోకి వచ్చింది. అవి మెట్ట నేలలు, మనది నీరు నిలిచే కయ్య కాబట్టి అంకె కొంత మారవచ్చు. ఆ లెక్కనే తీసుకుంటే, ఎకరాకు 145 కిలోల ఎండు నాచులో సుమారు 10 కిలోల నత్రజని ఉంటుంది, తొలి మూడు వారాల్లో అందేది 3 కిలోలకు కాస్త ఎక్కువ. అంటే మొదటి దఫా యూరియాలో 7 కిలోలకు మించి తగ్గించవద్దు. భాస్వరం కొంత వస్తుంది, పొటాష్ చెప్పుకోదగ్గంత రాదు కాబట్టి ఆ రెండింటినీ నేల పరీక్ష ప్రకారమే వేయండి.

నేల పరీక్ష:

నాచును దమ్ములో, అంటే నీరు పెట్టి బురదగా దున్నేటప్పుడు, చల్లవద్దు. అంతకు ముందే పొడి దుక్కిలో వేసి కలియదున్నితే, బురదలో దిగేవారి చర్మానికి తగిలేది తగ్గుతుంది. పోల్చడానికి పక్కపక్కనే ఉన్న రెండు కయ్యలను ఎంచుకోండి. రెండింటికీ కాలువ నుంచి వేర్వేరు మడవలు ఉండాలి, ఒకదాని నీరు మరొకదానిలోకి పారితే పోలిక చెడిపోతుంది. రెండింటిలోనూ ఒకే విత్తనం, ఉదాహరణకు నెల్లూరు మసూరి, ఒకే నారుమడి నుంచి తీసి ఒకే రోజు నాటించండి. పైపాటు యూరియా ఎప్పుడు అవసరమో ఆకు పచ్చదనాన్ని పోల్చి చూసే ఆకు రంగుల పట్టికతో కయ్య కయ్యకూ విడిగా చూసి వేయండి.

నాచు నిలవ పెట్టే ముందే పరీక్షకు నమూనా తీయాలి. కుప్పలో పైన, మధ్యన, అడుగున పది చోట్ల నుంచి గుప్పెడు గుప్పెడు తీసి, శుభ్రమైన గోనె మీద కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలను తీసేస్తూ అర కిలో మిగిలే వరకు తగ్గించండి. ఇనుప తట్ట, పాత పురుగుమందు డబ్బా వాడవద్దు. సంచి మీద కుంట పేరు, తీసిన తేదీ రాసి, నత్రజని, లవణీయతలతో పాటు లోహాల పరీక్ష కూడా కావాలని విడిగా రాసివ్వండి. అడగకపోతే మామూలుగా చేసే పరీక్షల్లో లోహాలు ఉండవు.